పిడుగుకు కులం లేదు, చేలో నిలబడ్డవాళ్లకు ఉంది

ఏప్రిల్ వచ్చిందంటే రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ నుంచి ఫోన్లకు ఒకే రకం మెసేజ్ మొదలవుతుంది. ఫలానా మండలాల్లో పిడుగులు పడే అవకాశం ఉంది, చెట్ల కింద నిలబడొద్దు, బహిరంగ ప్రదేశాల్లో ఉండొద్దు, సురక్షితమైన భవనాల్లోకి వెళ్లండి అని. సలహాలో తప్పేమీ లేదు. అయితే అదే నెలలో మా విస్సన్నపేట మండలంలో మామిడి కోత నడుస్తుంటుంది. కోతకు వెళ్లిన కూలీకి నలువైపులా కనిపించేవి చెట్లే. తోట దాటితే మిరప చేను, అది దాటితే ఖాళీ మెట్ట. భవనం అనదగ్గది ఏదైనా ఉంటే అది మోటారు షెడ్డు. దానికి రేకు కప్పు, లోపల కరెంటు మీటరు, తలుపుకు తాళం. తాళంచెవి కామందు దగ్గర ఉంటుంది.

పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం అని మన సామెత. ప్రభుత్వం మాత్రం పిడుగు ఒక్కదానికే అందరికీ ఒకే మంత్రం చదువుతోంది. ఆఫీసులో కూర్చున్న ఉద్యోగికీ, కారులో పోయే వ్యాపారికీ, వంగి కలుపు తీస్తున్న ఆడకూలీకీ ఒకే మెసేజ్. మొదటి ఇద్దరికీ అది అక్కర్లేదు, వాళ్లు ఎటూ లోపలే ఉన్నారు. మూడో మనిషికి అది పనికిరాదు.

జాతీయ నేర గణాంక సంస్థ ప్రమాద మరణాల నివేదిక ప్రకారం 2022లో ప్రకృతి వైపరీత్యాల వల్ల దేశంలో 8,060 మంది చనిపోతే, అందులో 2,887 మందిని చంపింది పిడుగే. వరదకన్నా, వడదెబ్బకన్నా, చలికన్నా ఎక్కువ. అంతకు ముందు ఏడాది 2,880. ఏటా దాదాపు ఇదే సంఖ్య కాబట్టి ఇది ఎవరికీ వార్త కాదు. తుపానుకు పేరు పెడతారు, వరదకు హెలికాప్టర్ వస్తుంది. పిడుగు మాత్రం ఒక్కో ఊళ్లో ఒకరిని, ఇద్దరిని తీసుకుపోతుంది. జిల్లా ఎడిషన్‌లో నాలుగు లైన్లు పడతాయి, అంతే.

ఆ నివేదికలో చనిపోయినవాళ్ల వయసు ఉంటుంది, ఆడా మగా ఉంటుంది. కులం ఉండదు. అందుకని ఇంతమంది దళితులు పిడుగుకు చనిపోయారని లెక్క తీసి చూపించడం కుదరదు. కుదిరే లెక్క ఇంకోటుంది. 2011 జనాభా లెక్కల్లో దేశంలో పనిచేసేవాళ్లందరిలో వ్యవసాయ కూలీలు 30 శాతం. ఎస్సీల్లో పనిచేసేవాళ్లను మాత్రమే తీసుకుంటే దాదాపు 46 శాతం. జనాభాలో 16.6 శాతం ఉన్న ఎస్సీల చేతిలో 2015-16 వ్యవసాయ గణన నాటికి ఉన్న సాగు విస్తీర్ణం 9 శాతం లోపే. అంటే పొలంలో ఉండేది మనవాళ్లు, పొలం ఉండేది వేరేవాళ్లకు. ఆకాశం ఉరిమినప్పుడు ఎవరు చేలో ఉంటారన్నది ఆ రెండు అంకెల మధ్య తేడాలోనే ఉంది.

ఈ తేడా ప్రాణం మీదికి ఎలా వస్తుందో తెలియాలంటే పిడుగు ఎలా పుడుతుందో, మనిషిని ఎలా చంపుతుందో కొంచెం వివరంగా చూడాలి. మన పిల్లలకు బళ్లో ఇది రెండు వాక్యాల్లో చెప్పి వదిలేస్తున్నారు. మేఘాలు రాపిడి చెందితే మెరుపు వస్తుందని. అది సగం కూడా నిజం కాదు.

మేఘం లోపల

ఎండాకాలం మధ్యాహ్నానికి మా మెట్ట నేలలు పెనంలా కాలతాయి. వేడెక్కిన గాలి తేలికపడి పైకి లేస్తుంది. బంగాళాఖాతం నుంచి వచ్చే తేమగాలి, వాయవ్యం నుంచి వచ్చే పొడి వేడిగాలి ఎక్కడ ఎదురుపడితే అక్కడ ఈ పైకి లేవడం ఇంకా జోరందుకుంటుంది. వాతావరణ శాఖ వార్తల్లో ద్రోణి అంటూ వినిపించేది చాలాసార్లు ఇలాంటి చోటునే. పైకి పోయినకొద్దీ గాలి చల్లబడి తేమ నీటి చుక్కలవుతుంది. ఆవిరి నీరయ్యేటప్పుడు వేడి విడుదలవుతుంది కాబట్టి మేఘం ఇంకా ఎత్తుకు పెరుగుతుంది. మన వైపు ఎండాకాలంలో సుమారు 5 కిలోమీటర్ల ఎత్తున ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు దిగుతుంది. క్యుములోనింబస్ మేఘం దాన్ని దాటి 12, 15 కిలోమీటర్ల దాకా కూడా లేస్తుంది. కింద 42 డిగ్రీల ఎండలో మనం ఉంటే తలపైన మంచు తయారవుతోందన్నమాట.

ఆ మంచు లేకపోతే పిడుగు లేదు. మేఘం మధ్య భాగంలో మూడు రకాల నీరు ఉంటుంది. తేలికైన మంచు పలుకులు, సున్నా కంటే చల్లగా ఉన్నా ఇంకా గడ్డకట్టని నీటి చుక్కలు, ఆ చుక్కలు అంటుకుని ఉడికిన సగ్గుబియ్యంలా తయారైన మెత్తటి మంచు ఉండలు. ఈ ఉండల్ని శాస్త్రవేత్తలు గ్రాపెల్ అంటారు. బరువైన ఉండలు కిందికి జారుతుంటాయి, తేలికైన పలుకుల్ని గాలి పైకి తోస్తుంటుంది. దారిలో రెండూ ఢీకొంటాయి. ప్రతి ఢీలోనూ చాలా కొద్దిగా విద్యుదావేశం చేతులు మారుతుంది. ఎక్కువగా ఉండ రుణావేశం తీసుకుంటుంది, పలుకు ధనావేశంతో పైకి పోతుంది. ఇలాంటి ఢీలు కోట్ల కొద్దీ జరిగేసరికి మేఘం పైభాగం ధనం, మధ్యభాగం రుణం అవుతాయి. ఆ రుణావేశం ప్రభావంతో కింద నేల మీద, చెట్ల కొసల మీద, మనుషుల తలల మీద ధనావేశం పోగవుతుంది. మేఘాలు ఒకదాన్నొకటి రాసుకోవడం ఇందులో ఎక్కడా లేదు. ఒకే మేఘం లోపల జరిగే పని ఇది.

గాలి మామూలుగా విద్యుత్తును పోనివ్వదు. దాన్ని బద్దలు కొట్టాలంటే మీటరుకు దాదాపు 30 లక్షల వోల్టులు కావాలి. బెలూన్లు, విమానాలు పంపి మేఘాల్లో కొలిస్తే అందులో పదోవంతు చుట్టుపక్కల మాత్రమే కనిపించింది. మరి మొదటి నిప్పురవ్వ ఎలా పుడుతుంది? మంచు పలుకుల మొనల దగ్గర అని కొందరు, అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు అందుకుంటాయని కొందరు. తేలలేదు. ఇంద్రుడి వజ్రాయుధంతో ఎప్పుడో తేల్చేశామని చెప్పేవాళ్లకు ఇలా తేలకుండా ఉండటం లోటుగా తోస్తుంది. మాకైతే శాస్త్రం మీద నమ్మకం పెరిగేది ఇక్కడే.

రవ్వ పుట్టాక జరిగేది బాగానే తెలుసు. చాలా మెరుపులు, నాలుగింట మూడు వంతుల దాకా, మేఘాల్లోనే ముగిసిపోతాయి. మిగిలినవి నేలకు దిగుతాయి. రుణావేశం సుమారు 50 మీటర్ల చొప్పున అంగలు వేస్తూ, ప్రతి అంగకూ సెకనులో లక్షో వంతుల్లో ఆగుతూ, కొమ్మలు చీలుతూ వస్తుంది. దీన్ని లీడర్ అంటారు. అది నేలను సమీపించేసరికి కింద ఎత్తుగా ఉన్న ప్రతి దాన్నుంచీ ఎదురు తీగలు లేస్తాయి. తాటిచెట్టు, సెల్ టవరు, కరెంటు స్తంభం, ఏమీ లేని చోట మనిషి తల. ఏ తీగ ముందు అందుకుంటే దారి అదే. అంటే ఎక్కడ పడాలో పిడుగు మేఘంలోనే నిర్ణయించుకుని బయల్దేరదు. చివరి కొద్ది పదుల మీటర్లలో కింద ఏముందన్న దాన్ని బట్టి తేలుతుంది. దారి కలిసిన వెంటనే సుమారు 30 వేల ఆంపియర్ల కరెంటు ఒక్కసారిగా పారుతుంది. ఆ దారిలో గాలి దాదాపు 30 వేల డిగ్రీలకు, సూర్యుడి ఉపరితలం కంటే ఐదు రెట్లకు, వేడెక్కి పేలినట్టు వ్యాకోచిస్తుంది. మనం వినే ఉరుము ఆ పేలుడే. అదే దారిలో మూడు నాలుగు సార్లు కరెంటు పారడం వల్ల మెరుపు రెపరెపలాడినట్టు కనిపిస్తుంది.

ధ్వని కిలోమీటరు దూరం రావడానికి మూడు సెకన్లు పడుతుంది. మెరుపు కనిపించినప్పటి నుంచి ఉరుము వినిపించే దాకా 30 లెక్కపెట్టే లోపే ఉరిమిందంటే పిడుగు 10 కిలోమీటర్ల లోపు ఉంది, తర్వాతిది మీ నెత్తిన పడొచ్చు. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకూడదు. వాన మొదలయ్యాక పోదాంలే అనుకోవడం చాలా ప్రమాదం. వానకంటే ముందే, వాన పడేచోటుకు 10 కిలోమీటర్ల అవతల కూడా పిడుగు పడుతుంది.

ఈ శాస్త్రం చరిత్రలో ఒక సంగతి మన పాఠాల్లో కనిపించదు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ గాలిపటం కథ అందరికీ తెలుసు. కానీ మేఘంలో ఉన్నది విద్యుత్తేనని మొదట రుజువైంది ఫ్రాన్స్‌లోని మార్లీ అనే ఊళ్లో, 1752 మే 10న. ఫ్రాంక్లిన్ ప్రతిపాదన ప్రకారం దాలిబార్ అనే పండితుడు అక్కడ పొడవాటి ఇనుప కడ్డీ నిలబెట్టించాడు. ఉరుము వచ్చిన వేళకు ఆయన ఊళ్లో లేడు. కడ్డీకి కాపలా పెట్టిన కోఫియే అనే మాజీ సైనికుడు ఒక్కడే వెళ్లి దాన్నుంచి నిప్పురవ్వలు తీశాడు. మరుసటి ఏడాది ఇలాంటి ప్రయోగమే చేస్తూ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో రిచ్‌మన్ అనే శాస్త్రవేత్త చనిపోయాడు కాబట్టి కోఫియే చేసింది ఎంత ప్రమాదమో ఊహించొచ్చు. పిడుగుకు ఎదురు నిలబడింది జీతగాడు, పుస్తకాల్లో పేరు దొరది. మన దేశానికీ ఈ చరిత్రలో చోటుంది. 1907-08లో సిమ్లాలో వాతావరణ శాఖలో పనిచేస్తూ జార్జి సింప్సన్ వానచుక్కల ఆవేశాన్ని కొలిచాడు. చుక్కలు పగలడం వల్లే ఆవేశం వస్తుందని ఆయన చెప్పిన సిద్ధాంతం తర్వాత నిలవలేదుగానీ కొలతలు నిలిచాయి.

నేల నుంచి వచ్చే దెబ్బ

పిడుగు అంటే పైనుంచి నెత్తిన పడేదని మన భయం. వైద్య పరిశోధకుల అంచనాల్లో నేరుగా తగలడం వల్ల జరిగే మరణాలు, గాయాలు మూడు నుంచి ఐదు శాతమే. మూడో వంతు దాకా పక్క దెబ్బ వల్ల. అంటే చెట్టు మీద పడిన పిడుగు కాండం వెంట దిగుతూ మధ్యలో పక్కనున్న మనిషి మీదికి దూకడం. చెట్టు చెక్క కంటే ఉప్పునీరు నిండిన మనిషి ఒళ్లు విద్యుత్తుకు మంచి దారి. సగానికి సగం దెబ్బలు నేల కరెంటువే. పిడుగు పడిన చోటు నుంచి కరెంటు నేలలో నలువైపులా పాకుతుంది, దూరమయ్యేకొద్దీ తగ్గుతుంది. రెండు పాదాల మధ్య దూరం ఉంటే ఆ రెండు చోట్ల వోల్టేజీ వేరుగా ఉంటుంది. ఆ తేడా ఒక కాలు ఎక్కి రెండో కాలు దిగుతుంది. గొర్రెలు, గేదెలు మందగా చచ్చిపోయేది ఇందుకే. వాటి ముందుకాళ్లకూ వెనక కాళ్లకూ మధ్య దూరం ఎక్కువ, మధ్య దారిలో గుండె ఉంది.

ఇప్పుడు నాట్లేసే మనిషిని తలుచుకోండి. మోకాలి దాకా బురద, వంగిన నడుము, కుడిచెయ్యి నీళ్లలో. అప్పుడు ఆమె రెండు కాళ్ల మనిషి కాదు, నేల కరెంటు లెక్కలో ఆమెకూ గేదెకూ తేడా లేదు. చేతి నుంచి కాలికి పోయే కరెంటు ఛాతీ మీదుగానే పోవాలి. పక్కన అదే వంగుడులో ఇంకో పదిమంది వరసగా ఉంటారు. ఒకే పిడుగుకు ముగ్గురు, నలుగురు కూలీలు మృతి అని మనం చదివే వార్తల వెనక ఉన్న భౌతికశాస్త్రం ఇది. వంగి చేసే పని ఎవరిది, గట్టు మీద నిలబడి చేయించే పని ఎవరిదన్నది భౌతికశాస్త్రం కాదు.

పొలం నుంచి ఇంటికి పోయే దారి కూడా చూడాలి. పైన రేకు, చుట్టూ రేకు ఉండి అద్దాలు ఎత్తిన కారు, బస్సు, లారీ క్యాబిన్ పిడుగు వేళ చాలా భద్రమైన చోట్లు. కరెంటు లోహపు పెంకు మీదుగానే నేలకు దిగిపోతుంది. రబ్బరు టైర్ల వల్ల కాపాడుతుందనేది అపోహ. టాపు గుడ్డతో ఉండే ఆటో, తెరిచి ఉండే ట్రాక్టరు ట్రక్కు కాపాడవు. మా మండలంలో కూలీ ముఠాలు ఎక్కేది ఆ రెండే. కామందు కారు మాత్రం గట్టు మీదే ఆగి ఉంటుంది. ఆ అరగంట దాని తలుపులు ఎవరికి తెరుచుకుంటాయో మనకు తెలుసు.

దెబ్బ తగిలినవాళ్లంతా చనిపోరు. చనిపోయేవాళ్లలోనూ కొందరిని బతికించొచ్చు. పిడుగు గుండెను ఒక్కసారి ఆపుతుంది. చాలాసార్లు అది దానంతటదే తిరిగి కొట్టుకుంటుంది. కానీ ఊపిరిని నడిపే మెదడు భాగం తేరుకోవడానికి ఎక్కువసేపు పడుతుంది, ఈలోగా ప్రాణవాయువు అందక గుండె రెండోసారి ఆగుతుంది. ఆ కొద్ది నిమిషాల్లో ఛాతీ నొక్కుతూ నోటితో ఊపిరి అందిస్తే మనిషి దక్కొచ్చు. దగ్గరున్నవాళ్లు మాత్రం షాక్ కొడుతుందని ముట్టుకోరు. పిడుగు తగిలిన ఒంట్లో కరెంటు మిగిలి ఉండదు, నిరభ్యంతరంగా ముట్టుకోవచ్చు. ముట్టుకోకూడదన్న మాట వల్ల మనుషులు చనిపోవడం మనకు కొత్త కాదు గానీ, ఈ ఒక్కటైనా త్వరగా పోవాలి. పేడలో పాతిపెట్టడం, అర్జునుడి పేర్లు చదవడం, కత్తిపీట వాకిట్లోకి విసరడం వల్ల పోయే కాలం ఆ నిమిషాలే.

అవగాహన అనే సాకు

ఒడిశాలాంటి రాష్ట్రాలు పిడుగును తమ స్థాయిలో విపత్తుగా ప్రకటించాయి. కేంద్రం నోటిఫై చేసిన విపత్తుల జాబితా వేరు. 15వ ఆర్థిక సంఘం కాలానికి, అంటే 2021-26కి, వర్తించిన మార్గదర్శకాల్లో ఆ జాబితాలో పన్నెండు ఉన్నాయి. తుపాను, కరవు, భూకంపం, వరదతో పాటు వడగళ్లు, చీడపీడలు, మంచు కురవడం కూడా. పంటను కొట్టేవి ఉన్నాయి, పంటలో పనిచేసే మనిషిని కొట్టే పిడుగు లేదు. జాబితాలో లేని వాటికి రాష్ట్రాలు తమ విపత్తు నిధిలో 10 శాతం దాకా వాడుకోవచ్చు, అంతే.

ఎందుకు చేర్చరంటే 2023 ఏప్రిల్‌లో కేంద్ర అధికారుల మాటగా పత్రికల్లో వచ్చిన కారణం ఇది: ప్రజలకు అవగాహన కల్పిస్తే పిడుగు మరణాలను నివారించవచ్చు కాబట్టి దాన్ని ప్రకృతి విపత్తుగా ప్రకటించనక్కర్లేదు. పైకి సబబుగా కనిపించే మాట. దీన్ని పరీక్షించడానికి ఒక దేశం చరిత్ర చాలు. అమెరికాలో 1943లో పిడుగులకు 432 మంది చనిపోయారు. 2021లో 11 మంది. జనాభా రెండింతలు దాటినా మరణాలు ఇంతగా పడిపోయాయి. హెచ్చరికలు, వైద్యం సాయపడ్డాయి, కాదనం. కానీ అక్కడి పరిశోధకులే చెప్పే పెద్ద కారణాలు వేరు. పొలాల్లో చేతులతో పనిచేసే జనం తగ్గిపోయారు, ఇళ్లకు గోడల్లో వైరింగు, నీటి గొట్టాలు వచ్చి పిడుగు కరెంటుకు నేలలోకి దారి దొరికింది, పైకప్పున్న వాహనాలు వచ్చాయి. అంటే బతుకు మారితే మరణం తగ్గింది. ఇక్కడ బతుకు అలాగే ఉంచి అవగాహన పెంచుతామంటున్నారు.

అవగాహన కూలీకి లేదా అన్నది అసలు ప్రశ్న. మబ్బు చూసి గంటలో ఏం జరుగుతుందో చెప్పడంలో మా అమ్మమ్మలను మించిన వాతావరణ కేంద్రం లేదు. చేలో జరిగే మాట ఎలా ఉంటుందో మాకు తెలుసు. “మబ్బు దిగింది మేస్త్రీ, ఇక లేద్దాం” అని ఒకామె అంటుంది. “ఆ రెండు సాళ్లూ అయితే లేద్దాం అక్కా, మధ్యలో లేస్తే కామందు సగం కూలే ఇస్తానంటాడు, నేనేం చెప్పను” అంటాడు మేస్త్రి. అతనూ మన పేట మనిషే. సగం కూలి అంటే ఆ రాత్రి బియ్యం, పిల్లాడి మందులు. ఆమె మళ్లీ వంగుతుంది. మామిడి తోటల్లో ఇంకో ఒత్తిడి ఉంది. తోట గుత్తకు తీసుకున్న వ్యాపారికి సాయంత్రానికి కాయ నున్న మార్కెట్‌కు చేరాలి, లారీ ఎదురుచూస్తుంటుంది. పైగా ఈదురుగాలికి కాయ రాలిపోతుందన్న భయంతో మబ్బు పట్టినప్పుడే కోత తొందర పెరుగుతుంది.

కాబట్టి కూలీకి లేనిది జ్ఞానం కాదు, పని ఆపే హక్కు. ఈ హక్కు గాల్లోంచి మేం కనిపెట్టిందేమీ కాదు. వ్యవసాయంలో భద్రత, ఆరోగ్యం మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2001లో చేసిన 184వ ఒప్పందంలో రాసే ఉంది. తీవ్రమైన ప్రమాదం ముంచుకొస్తోందని నమ్మడానికి తగిన కారణం ఉంటే కూలీ ఆ పని నుంచి తప్పుకోవచ్చు, అందుకు ఆమెకు ఏ నష్టమూ జరగకూడదు అని. భారతదేశం ఆ ఒప్పందాన్ని ఆమోదించలేదు. ఉపాధి హామీ పనుల్లో 2005 చట్టం పనిచోట నీడ ఉండాలంది. అది ఎండను దృష్టిలో పెట్టుకున్న మాట, అమలైనచోట కూడా నాలుగు కర్రల మీద టార్పాలిన్ పట్టా. ఎండకు అది నీడ. ఉరుముల వేళ అదే ఖాళీ నేలలో అన్నిటికన్నా ఎత్తైన వస్తువు. మనవాళ్లంతా దాని కిందికే పరిగెత్తుతారు.

సాంకేతికత లేదని ఎవరూ అనలేరు. ఆంధ్రప్రదేశ్ ఈ విషయంలో దేశంలో ముందున్న రాష్ట్రాల్లో ఒకటి. 2017లోనే పిడుగు హెచ్చరికల ఏర్పాటు వచ్చింది. 2018 ఏప్రిల్ 24న ఒక్కరోజు, 13 గంటల్లో, రాష్ట్రంలో 36,749 పిడుగులు నమోదైన సంగతి ప్రపంచమంతా వార్త అయింది. అంత కచ్చితంగా లెక్కపెట్టగలిగాం. అదే రోజు చనిపోయినవాళ్లు తొమ్మిది మంది అని అప్పటి వార్తలు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ దామిని యాప్ తెచ్చింది, దగ్గర్లో పడబోయే పిడుగు గురించి నిమిషాల ముందు చెబుతుంది. ఆ నిమిషాలు నిజంగా విలువైనవే. కానీ ఫోను చెట్టుకు వేలాడదీసిన సంచిలో ఉంటుంది, పనిలో ఫోను పట్టుకుంటే మేస్త్రి అరుస్తాడు, యాప్ మోగినా వెళ్లడానికి చోటుండదు. హెచ్చరిక చివరి మనిషికి చేరలేదని అధికారులు అంటుంటారు. చేరితే ఆ చివరి మనిషి ఎక్కడికి వెళ్లాలన్నది వాళ్ల పవర్‌పాయింట్లలో ఉండదు.

బంగ్లాదేశ్ 2016 మేలో కొద్ది రోజుల్లోనే పదుల మంది చనిపోయాక పిడుగును జాతీయ విపత్తుగా ప్రకటించింది, లక్షల్లో తాటి మొక్కలు నాటిస్తామంది. మన పొరుగున ఒడిశా కూడా అదే దారి పట్టింది. తాటిచెట్టు ఎత్తుకు ఎదగడానికి పదిహేను, ఇరవై ఏళ్లు. ఎదిగాక పిడుగును తన మీదికి తీసుకుంటుంది, నిజమే, కానీ మొదలు దగ్గర కూర్చున్న కూలీని పక్క దెబ్బ వదలదు. కూలీలకు కావలసింది గోడలు, కప్పు ఉండి, పైన కడ్డీ, దాన్నుంచి మందపాటి రాగి లేదా ఇనుప పట్టీ, కింద సరైన ఎర్త్ గుంట ఉన్న గది. సెల్ టవర్లకు, గుళ్లకు, చర్చి శిఖరాలకు మనం పెట్టుకున్నదే. తిరువూరు ఎస్సీలకు రిజర్వు చేసిన నియోజకవర్గం. తిరువూరు, విస్సన్నపేట, గంపలగూడెం, ఏ.కొండూరు మండలాలు దానిలోవి. 2013లో చట్టమైన ఎస్సీ సబ్‌ప్లాన్ ఉంది. ఆ డబ్బు ఎస్సీలతో పాటు అందరూ నడిచే రోడ్లకు, అందరికీ ఇచ్చే పథకాలకు చూపించడం చూస్తూనే ఉన్నాం. కూలీలు ఎక్కువగా వెళ్లే పొలాల మధ్య, డొంక పక్కన, పంచాయతీ స్థలంలో ఇలాంటి గదులు కట్టమని అడిగితే అది సబ్‌ప్లాన్ ఉద్దేశానికి సరిగ్గా సరిపోయే ఖర్చు. తాళంచెవి మాత్రం ఏ కామందు దగ్గరా ఉండకూడదు.

చనిపోయాక కాగితాలు

మరణానికి 4 లక్షల రూపాయల ఎక్స్‌గ్రేషియా విపత్తు సహాయ నిబంధనల్లో ఉంది. అది రావాలంటే మనిషి పిడుగుకే చనిపోయినట్టు కాగితం ఉండాలి. చిక్కు ఇక్కడుంది. పిడుగు దెబ్బకు ఒళ్లు కాలిపోతుందని అందరూ అనుకుంటారుగానీ చాలామందికి పైకి గాయమే కనిపించదు. కొందరి చర్మం మీద ఫెర్న్ ఆకు లాంటి ఎర్రటి కొమ్మల గుర్తులు వస్తాయి. అవి కొద్ది గంటల్లో, మహా అయితే ఒకటి రెండు రోజుల్లో మాసిపోతాయి. శవాన్ని కొయ్యనివ్వమని ఇంటివాళ్లు ఏడుస్తారు, ఊరి పెద్దలు కేసెందుకు అంటారు, రాత్రికే అంత్యక్రియలు అయిపోతాయి. తర్వాత గుండెపోటు అని రాసుకుంటే రుజువు చెయ్యడానికి ఏమీ మిగలదు. కూలీ ఆ రోజు ఎవరి చేలో ఉన్నదీ రాతలో లేకుండా చూసుకోవాలని కామందుకు ఉంటుంది. స్టేషన్ గడప తొక్కడం అతనికి ఇష్టం ఉండదు.

అందుకని పేటల్లో పనిచేసే సంఘాలు, చదువుకున్న పిల్లలు ఇప్పుడే తెలిసి ఉండాల్సినవి కొన్ని. శవాన్ని కదిలించక ముందే చర్మం మీది గుర్తులు, చెప్పులు, కాలిన బట్ట, చీలిన చెట్టు, నేల మీద గుర్తులు ఫొటో తియ్యాలి, సమయంతో సహా. పోలీసుకు వెంటనే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. పాత సీఆర్‌పీసీ 174 కింద జరిగే అసహజ మరణ విచారణ ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షన్ కింద జరుగుతుంది. పంచనామాలో పిడుగుపాటు అనే మాట, చేను ఎవరిదన్న వివరం ఉన్నాయో లేదో సంతకం పెట్టేముందు చదివించుకోవాలి. పోస్టుమార్టం ప్రభుత్వాసుపత్రిలో తప్పకుండా చేయించాలి. వీఆర్వో నివేదిక, తహసీల్దార్ ధ్రువీకరణ, వారసుల పత్రం తర్వాతి మెట్లు. ఏ కాగితం ఏ తేదీన ఇచ్చామో రసీదు ఉంచుకోవాలి. ఎక్స్‌గ్రేషియాకు భూమి పట్టా అడగడానికి వీల్లేదు. ఇది పంట నష్టం కాదు, మనిషి ప్రాణం. కౌలుదారైనా, కూలీ అయినా ఒకటే.

ఇంకోటి కూడా చూడాలి. బ్యాంకు ఖాతా నుంచి ఏటా 20 రూపాయలు కట్ అయ్యే ప్రధానమంత్రి సురక్షా బీమాలో ప్రమాద మరణానికి 2 లక్షలు వస్తాయి. ప్రకృతి వైపరీత్యంతో వచ్చిన ప్రమాద మరణాలకూ అది వర్తిస్తుంది. చాలామంది కూలీలకు తమ ఖాతాలో ఆ బీమా ఉన్న సంగతే తెలియదు. కొందరికి మే నెలాఖరున ఖాతాలో 20 రూపాయలు లేక అది ఆగిపోయి ఉంటుంది. జూన్ ఒకటి నుంచి కొత్త ఏడాది మొదలవుతుంది. అంటే మామిడి కోతలు ఇంకా సాగుతుండగానే, తొలకరి ఉరుములు మొదలయ్యే ముందే, పాసుబుక్కులన్నీ ఒకసారి బ్యాంకుకు తీసుకెళ్లి చూపించుకోవాలి.